ఉపశమనానికి ఎంతసేపు?

గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఎంత మంచిదో తేల్చడానికి ఒక లెక్క ఉంది. వంద మందికి ఆపరేషన్ చేస్తే నెల తర్వాత ఎంతమంది బతికున్నారు? ప్రసూతి ఆసుపత్రికి తల్లీబిడ్డల క్షేమం లెక్క. మోకాలి కీలు మార్చే చోట రోగి ఎన్నాళ్లకు మెట్లెక్కాడన్నది లెక్క. చివరిదశ రోగులను చూసుకునే హాస్పిస్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలు పనికిరావు. అక్కడ చేరినవాళ్లలో దాదాపు అందరూ కొన్ని రోజుల్లోనో, కొన్ని నెలల్లోనో కన్నుమూస్తారు. సేవ బాగున్నా కన్నుమూస్తారు, బాగోకపోయినా కన్నుమూస్తారు. మరణాల సంఖ్యను బట్టి మంచి హాస్పిస్‌నీ చెడ్డ హాస్పిస్‌నీ విడదీయలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సేవ ఎలా ఉందో చెప్పాల్సిన అసలు మనిషి తర్వాత ఉండడు. చివరి వారంలో చాలామందికి మాట్లాడే ఓపిక ఉండదు, కొందరికి స్పృహే ఉండదు. తర్వాత మనకు చెప్పేది కొడుకో, కూతురో, భార్యో. వాళ్లు దుఃఖంలో ఉంటారు. ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, చేయి పట్టుకుని కూర్చున్న నర్సమ్మ మీద కృతజ్ఞత ఉంటుంది. ఆ కృతజ్ఞత నిజమైనదే. కానీ ఆ రాత్రి నాన్న ఎంత నొప్పి పడ్డాడన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

అయినా కొలిచి తీరాలి. పళ్ల డాక్టరు నచ్చకపోతే వచ్చేసారి ఇంకొకరి దగ్గరికి వెళ్తాం. హాస్పిస్ విషయంలో వచ్చేసారి అనేది లేదు.

వైద్యసేవ నాణ్యతను ఎలా పరీక్షించాలన్న దానికి ఇప్పటికీ వాడుకలో ఉన్న చట్రం అవేదిస్ డొనబీడియన్‌ది. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ వైద్యుడు 1966లో రాసిన వ్యాసంలో మూడు వైపుల నుంచి చూడమన్నాడు. సంస్థ దగ్గర ఏమేం ఉన్నాయి, అక్కడ ఏం చేస్తారు, దానివల్ల రోగికి ఏం ఒరిగింది. మనం సాధారణంగా మొదటి దాని దగ్గరే ఆగిపోతాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, తోట ఉంది, ఏసీ ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. ఇవన్నీ మంచివే. కానీ హాస్పిస్‌లో మూడో ప్రశ్నకు జవాబు దొరికే చోటు వేరే ఉంది. రోగికి బాధ మొదలైన క్షణానికీ, అది తగ్గిన క్షణానికీ మధ్య ఎంతసేపు పట్టింది? నా దృష్టిలో హాస్పిస్ నాణ్యతకు ఇంతకన్నా నమ్మదగిన కొలత లేదు. ఈ రంగం పుట్టిందే ఆ వ్యవధిని తగ్గించడానికి.

లండన్‌కు చెందిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా, తర్వాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేసి, నలభయ్యేళ్లకు దగ్గరపడుతుండగా 1957లో డాక్టరయ్యారు. ఆ రోజుల్లో క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఇవ్వాలంటే అతను నొప్పి తట్టుకోలేక కేక పెట్టాలి. ముందే ఇస్తే అలవాటు పడిపోతాడని వైద్యుల భయం. అయితే సెయింట్ లూక్స్ అనే చిన్న ఆసుపత్రిలో నర్సులు గడియారం చూసుకుని, నొప్పి తిరిగి రాకముందే తర్వాతి డోసు ఇవ్వడం సాండర్స్ గమనించారు. అక్కడి రోగులు మత్తులో మునిగిపోలేదు, ఇంకా ఇంకా కావాలని అడగలేదు. నొప్పి వస్తుందేమోనన్న భయం పోవడంతో తిన్నారు, నిద్రపోయారు, ఇంట్లోవాళ్లతో మాట్లాడారు. తర్వాత సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో వెయ్యికి పైగా రోగుల వివరాలు రాసిపెట్టి ఇది నిజమేనని చూపించారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు గడియారం ప్రకారం మందు అన్న సూత్రం అందులో భాగమైంది.

దీని వెనకున్న శాస్త్రం కష్టమైనదేం కాదు. నోటి ద్వారా తీసుకునే మామూలు మార్ఫిన్ ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. నాలుగు గంటలకోసారి ఇస్తే రక్తంలో మందు మోతాదు ఒక స్థాయి కిందికి పడిపోదు. నొప్పి వచ్చేదాకా ఆగితే నాడులు మరింత రేగుతాయి, భయం తోడవుతుంది, అదే ఉపశమనానికి పెద్ద డోసు కావాల్సి వస్తుంది. రాత్రి రెండింటికి నిద్ర లేపి మందు ఇవ్వకుండా, పడుకునే ముందు రెట్టింపు డోసు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ పాటించినా మధ్యలో నొప్పి ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. అలాంటప్పుడు రోజు మొత్తం డోసులో సుమారు ఆరోవంతును అదనంగా ఇస్తారు.

హాస్పిస్ అసలు పరీక్ష ఇక్కడే. అర్ధరాత్రి దాటాక నొప్పి ఎగదన్నింది. ఆ ఆరోవంతు డోసు ఇచ్చే అధికారం డ్యూటీ నర్సుకు ముందే రాసి ఇచ్చారా? మార్ఫిన్ ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గరుంది? తాళం పగటి ఇన్‌ఛార్జి ఇంటికి తీసుకెళ్తే, డాక్టరు తొమ్మిదింటికి వస్తే, ఆ రోగి గంటల తరబడి వేచి ఉండాలి. ఇంట్లో సేవ అందుకుంటున్న రోగి అయితే ప్రశ్న మారుతుంది. ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? ఎత్తిన మనిషికి ఈ రోగి కేసు తెలుసా? అదనపు డోసు ఇంట్లో ముందే పెట్టి, ఎంత ఇవ్వాలో ఇంట్లోవాళ్లకు నేర్పారా? బ్రోషర్‌లో ‘24 గంటల సేవ’ అని అందరూ రాస్తారు. ఇరవై నాలుగు గంటలూ ఉండేది ఫోనా, నర్సా, మందా అని విడివిడిగా అడగాలి.

ఉపశమనాన్ని కొలవాలంటే ముందు బాధను కొలవాలి. అడగకుండా కొలవలేం. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఊహించగలిగినంత నొప్పి, ఇప్పుడెంత ఉంది అని అడగడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. మన పల్లెల్లో పెద్దవయసు వాళ్లకు ఆ ప్రశ్న ఎక్కకపోవచ్చు. ‘అమ్మా, నొప్పి రూపాయంత ఉందా, అర్ధరూపాయా, పావలానా’ అని అడిగే నర్సుకు జవాబు వెంటనే దొరుకుతుంది. ఏ కొలతతో అడిగారన్నది పెద్ద విషయం కాదు. రోజూ అదే కొలతతో అడిగి, కేస్ షీట్‌లో రాసి, మందు ఇచ్చాక గంటకు మళ్లీ అడిగారా అన్నదే ముఖ్యం. ఆ రెండో అంకె చాలా చోట్ల ఉండదు. నొప్పి ఎనిమిది, మందు ఇచ్చాం అని ఉంటుంది. తగ్గిందో లేదో రాసి ఉండదు. మతిమరుపు ముదిరి మాట పోయినవాళ్ల కోసం కూడా పద్ధతులున్నాయి. శ్వాస తీరు, మూలుగు, ముఖకవళికలు, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకోవడం అనే ఐదు గుర్తులు చూసి అంకె వేస్తారు. మాట్లాడలేని రోగి ప్రశాంతంగా ఉన్నాడు అని మాత్రమే రాసే చోట ఎవరూ ఆ ముఖాన్ని దగ్గరగా చూడలేదని అర్థం.

బాధంటే ఒక్క శరీరపు నొప్పే కాదని సాండర్స్ పదేపదే చెప్పారు. పిల్ల పెళ్లి కాలేదన్న బెంగ, అప్పుల భయం, తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవన్న బాధ కూడా నొప్పిని పెంచుతాయి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు తయారుచేసిన ఒక ప్రశ్నావళిలో ఆయాసం, వాంతులు, మలబద్ధకంతో పాటు, మనసు నెమ్మదిగా ఉందా, ఇంట్లోవాళ్లు మీ గురించి కంగారు పడుతున్నారా, డబ్బు విషయాల్లాంటి చిక్కులు ఎవరైనా పట్టించుకున్నారా అనే ప్రశ్నలు కూడా ఉంటాయి. రోగి చెప్పలేకపోతే నర్సే నింపే రూపం కూడా ఉంది.

ఈ కొలతలను దేశం మొత్తానికి పట్టుకొచ్చిన ఘనత ఆస్ట్రేలియాది. అక్కడ 2005లో మొదలైన పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) ఔట్‌కమ్స్ కొలాబొరేషన్‌లో హాస్పిస్‌లూ ఇంటికెళ్లి సేవ చేసే బృందాలూ తమ రోగుల అంకెలు పంపిస్తాయి. లక్ష్యాలు బయటికి తెలిసినవే. రోగి పరిస్థితి అకస్మాత్తుగా అదుపు తప్పితే, నూటికి తొంభై మంది విషయంలో మూడు రోజుల్లోపు అదుపులోకి తేవాలి. మొదట్లో నొప్పి లేనివాళ్లలో, కొద్దిగా ఉన్నవాళ్లలో తొంభై శాతానికి అది అలాగే ఉండాలి. మొదట్లోనే ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లలో అరవై శాతానికి అది స్వల్పానికి తగ్గాలి. ఆ అరవై దగ్గర ఆగి ఆలోచించండి. ప్రపంచంలో మేలైన వ్యవస్థల్లో ఒకటి పెట్టుకున్న లక్ష్యమే అరవై. ‘మా దగ్గర ఎవరికీ నొప్పి ఉండదు’ అని ఏ సంస్థయినా చెబితే ఆ మాటను నమ్మకండి. ‘ఎంతమందికి తగ్గించగలిగారు, తగ్గనివాళ్లకు ఏం చేశారు’ అని అడగండి.

అమెరికాది వేరే కథ. అక్కడ 1982లో వచ్చిన చట్టంతో వృద్ధుల బీమా పథకం మెడికేర్ హాస్పిస్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉండే రోగికి రోజుకింత అని కట్టేస్తుంది. ఆ రోజు నర్సు వెళ్లినా అంతే, వెళ్లకపోయినా అంతే. సేవాసంస్థలు నడిపినన్నాళ్లూ ఈ పద్ధతి బాగానే నడిచింది. తర్వాత లాభం కోసం నడిచే కంపెనీలు దిగాయి, ఇప్పుడు అక్కడి హాస్పిస్‌లలో ఎక్కువ భాగం అవే. తక్కువసార్లు వెళ్తే ఎక్కువ మిగులుతుంది. నెలల తరబడి నెమ్మదిగా సాగే మతిమరుపు రోగులను చేర్చుకుంటే ఇంకా మిగులుతుంది. అమెరికా ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2012 నుంచి 2016 వరకు తనిఖీ చేసిన హాస్పిస్‌లలో 80 శాతానికి పైగా ఏదో ఒక లోపం బయటపడింది.

ఇవన్నీ చూశాక అక్కడి ప్రభుత్వం కొలతలను మార్చుకుంటూ వచ్చింది. రోగి పోయిన రెండు నెలల తర్వాత కుటుంబానికి ప్రశ్నాపత్రం పంపిస్తారు. సాయంత్రాలు, శనాదివారాలు, పండగ రోజుల్లో అడిగిన సాయం ఎంత తరచుగా అందిందన్నది అందులో ఒక ప్రశ్న. ఇంకో కొలతకు కుటుంబాన్ని అడగనక్కర్లేదు, బిల్లుల్లోనే దొరుకుతుంది. చివరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులైనా నర్సో సామాజిక కార్యకర్తో స్వయంగా ఆ ఇంటికి వెళ్లారా? నర్సు రాక మధ్యలో వారానికి మించి ఆగిపోయిందా? నాకు ఈ కొలతలు నచ్చుతాయి. ఎంత ప్రేమగా చూశారో బిల్లు చెప్పలేదు, కానీ రాని మనిషి ప్రేమగా చూసుకోలేదన్నది మాత్రం అది నిక్కచ్చిగా చెబుతుంది.

కొలతలతో కూడా ప్రమాదం ఉంది. దానికి ఉదాహరణ ఇంగ్లండ్‌లోనే దొరుకుతుంది. హాస్పిస్‌లలో దొరికే నెమ్మదైన మరణం మామూలు ఆసుపత్రుల్లోనూ దొరకాలన్న సదుద్దేశంతో లివర్‌పూల్‌లో నిపుణులు ఒక పద్ధతి రాశారు. అక్కర్లేని మందులు ఆపండి, నోరు తడిగా ఉంచండి, నొప్పికి మందు సిద్ధంగా ఉంచండి, కుటుంబంతో మాట్లాడండి. ప్రతిదానికీ ఒక గడి, చేశాక టిక్ పెట్టాలి. లివర్‌పూల్ కేర్ పాత్‌వే పేరుతో ఇది దేశమంతా పాకింది. శిక్షణ లేని చోట్ల టిక్కులే మిగిలాయి. రోగి నిజంగా చివరి ఘడియల్లో ఉన్నాడా అని ఆగి ఆలోచించకుండా, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఈ దారిలో పెట్టేశారని, దాహమంటే నీళ్లు కూడా పట్టలేదని కుటుంబాలు గోడు వెళ్లబోసుకున్నాయి. జూలియా న్యూబెర్గర్ కమిటీ విచారించి 2013లో దీన్ని ఆపేయమంది. సరిగ్గా వాడిన చోట జనం ప్రశాంతంగా వెళ్లారని కూడా అదే కమిటీ రాసింది. కాగితం అదే, చేసే మనుషులు వేరు. అందుకే ఫారాలు చూపించి నాణ్యత నిరూపించే సంస్థను కూడా ఒక రోగి పక్కన పావుగంట నిలబడి చూడాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, దాని కింద రాష్ట్రాలు పెట్టిన లైసెన్సుల చిక్కుముడి వల్ల మార్ఫిన్ ఆసుపత్రుల నుంచి దాదాపు మాయమైంది. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ మాత్ర రాయకుండానే చదువు పూర్తిచేశారు. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ చివరిదశ సేవ మీద 2010లో ఇచ్చిన ర్యాంకుల్లో 40 దేశాల్లో మనది 40వ స్థానం. 2014లో చట్టాన్ని సవరించి, రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటుంటే వైద్యసంస్థ మార్ఫిన్ నిల్వ పెట్టుకునేలా దారి తెరిచారు. కాబట్టి మన దగ్గర ఏ హాస్పిస్‌నైనా అడగాల్సిన మొదటి ప్రశ్న గదుల గురించి కాదు. మార్ఫిన్‌కు గుర్తింపు ఉందా, మాత్రలు ఇప్పుడు స్టాక్‌లో ఉన్నాయా, గత కొన్ని నెలల్లో ఎప్పుడైనా అయిపోయాయా? నొప్పి మందు లేని హాస్పిస్ వృద్ధాశ్రమమే.

కేరళలో 1993లో డాక్టర్ రాజగోపాల్, ఆయన సహచరులు కోళికోడ్‌లో మొదలుపెట్టిన పని ఊరూరా వాలంటీర్ల సాయంతో ఇంటింటి సేవగా పెరిగింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానమే తెచ్చింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, రోటరీ వాళ్ల స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. పాలియం ఇండియా అనే సంస్థ చొరవతో మన దేశపు నిపుణులే కనీస ప్రమాణాల పట్టిక ఒకటి తయారుచేశారు. నొప్పిని అంచనా వేసి రాస్తున్నారా, మార్ఫిన్ ఆగకుండా దొరుకుతుందా, డాక్టరూ నర్సూ ఈ పనిలో శిక్షణ పొందారా లాంటివి అందులో ఉంటాయి. సంస్థలు తమను తాము పరీక్షించుకోవడానికి చేసిన పట్టిక ఇది. మీరు చూడబోయే చోట దాని పేరైనా తెలుసా అని అడగండి.

చిన్న విషయాలు రెండు చెబుతాను. పెద్ద పెద్ద సర్టిఫికెట్లకన్నా ఇవి ఎక్కువ చెబుతాయి.

మొదటిది, మార్ఫిన్ రాసిన చీటీలో విరేచనం మందు కూడా ఉందా? మార్ఫిన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. మత్తు, వికారం లాంటివి కొద్ది రోజులకు శరీరానికి అలవాటవుతాయి కానీ మలబద్ధకం అలవాటవదు. తెలిసిన డాక్టరు మొదటి రోజే రెండూ కలిపి రాస్తాడు. తెలియని చోట రోగి వారం రోజులు కడుపుబ్బి, చివరికి నొప్పి మందే మానేస్తానంటాడు.

రెండోది వాసన. మన ప్రాంతంలో గుట్కా, చుట్ట వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ రావడం వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. ముదిరిన పుండు బయటికి పగిలితే చచ్చిన కణజాలంలో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ భరించలేని వాసన వాటిదే. మనుమలు గదిలోకి రారు, చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరిస్తారు. రోగికి పుండు కన్నా అదే పెద్ద బాధ. మెట్రోనిడజోల్ మాత్రలను పొడి చేసి, పుండు శుభ్రం చేసి, రోజూ చల్లి కట్టుకడితే ఆ బ్యాక్టీరియా చచ్చి వాసన బాగా తగ్గుతుంది. చాలా చవకైన మందు. వార్డులో నడుస్తున్నప్పుడు అగరొత్తుల వాసన గుప్పుమంటుంటే, పుండ్లకు ఏం వాడుతున్నారని అడగండి.

సెలైన్ గురించి కూడా ఒక మాట. తినడం మానేసిన మనిషిని చూసి ‘కనీసం ఒక బాటిల్ ఎక్కించండి’ అనని తెలుగు ఇల్లు ఉండదు. డాక్టర్ ఎడ్వర్డో బ్రువేరా బృందం చివరిదశ క్యాన్సర్ రోగులు 129 మందిలో కొందరికి రోజుకు లీటరు, కొందరికి నామమాత్రంగా వంద మిల్లీలీటర్ల సెలైన్ ఇచ్చి చూసింది. బాధల్లో గానీ, బతికిన రోజుల్లో గానీ తేడా రాలేదని 2013లో ప్రచురించింది. మంచి హాస్పిస్ మీరు అడగ్గానే సెలైన్ పెట్టదు, కుదరదని కసురుకోదు కూడా. కూర్చోబెట్టి, ఎందుకు వద్దంటున్నారో చెప్పి, చెంచాతో నీళ్లు ఎలా పట్టాలో, నోరు ఎలా తడపాలో మీ చేత చేయిస్తుంది. ఆ పది నిమిషాలు ఎవరు కేటాయించారో చూడండి. ఆ మనిషి రాత్రి షిఫ్టులో కూడా ఉంటే ఆ చోటు నమ్మదగింది.

ఈ ప్రశ్నలన్నీ తీరిగ్గా అడగాలంటే సమయం ఉండాలి. డాక్టరు ఇక చేసేదేం లేదన్న రోజు సాయంత్రం ఎవరూ అడగలేరు. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మంది మీద జెన్నిఫర్ టెమెల్ బృందం జరిపిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ సేవ అందుకున్నవాళ్లు మెరుగ్గా బతికారు, దిగులు తక్కువగా ఉంది. వాళ్లు బతికిన కాలం మధ్యగతం (మీడియన్) 11.6 నెలలు. అందుకోనివాళ్లకు అది 8.9 నెలలే. మీ ఇంట్లో ఎవరికైనా నయంకాని జబ్బు అని తేలితే, కీమో జరుగుతుండగానే ఒకరోజు వీలు చేసుకుని దగ్గర్లోని హాస్పిస్‌కు వెళ్లి ఈ ప్రశ్నలు అడిగి రండి. ఇంటికొచ్చాక వాళ్లిచ్చిన నంబరుకు రాత్రి పదకొండు గంటలకు ఒకసారి ఫోన్ చేసి చూడండి.